చెక్క చెవి మొక్కు

ఫోర్టలేజాలో ఉన్న చిరంజీవి జందీరాకి నాన్న దీవించి రాసేది.

ఇక్కడ మేమందరం క్షేమం. ప్రతి ఉత్తరంలోనూ చేతి అలవాటు కొద్దీ రాసే మాటే ఇది. ఈసారి మాత్రం ఈ ఒక్క మాట రాయగలిగే రోజు కోసమే ఇన్నాళ్లూ ఆగాను తల్లీ. నీ ఉత్తరాలు రెండూ అందాయి. "కలం విరిగిందా, చెయ్యి విరిగిందా నాన్నా?" అని రెండోదాంట్లో దులిపేశావు. రెండూ బాగానే ఉన్నాయి. ఎందుకు రాయలేదో అంతా చెబుతాను. ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు.

అమ్మ మోకాలు పరవాలేదు. నువ్వు పంపిన నూనె రోజూ రాసుకుంటోంది. అయినా తగ్గింది నూనె వల్ల కాదనీ, తన జపమాల వల్లేననీ నీకు రాయమంది. తెల్ల మేక ఈనింది. పిల్లల్లో ఒకటి కాటుకంత నలుపు. దాని తండ్రి ఎవరి మేకపోతో ఊరంతటికీ తెలుసు గాని, ఆ ఇంటివాళ్లు మాత్రం ఒప్పుకోవడం లేదు. నువ్వు కుట్టి పంపిన చొక్కా భుజాల దగ్గర అచ్చంగా సరిపోయింది, పొట్ట దగ్గరే కాస్త బిగుతు. చొక్కాని ఏమీ చెయ్యకు. నేనే తగ్గుతాను.

ఇక "అన్నయ్య ఆ సూది వేయించుకున్నాడా?" అని అడిగావు. మీ కుట్టుపని చోట గోడకి అంటించిన బొమ్మ చూశానని రాశావు. ఇక్కడా రాష్ట్ర ఆరోగ్య శాఖ వాళ్లు రేడియోలో పొద్దున్నే చెబుతూ వచ్చారు. రుబెల్లా దద్దుర్ల జబ్బు మళ్లీ తిరుగుతోందట. ఈసారి పిల్లల్లో కంటే పడుచు మగవాళ్లలో ఎక్కువగా కనబడుతోందట. ఇరవై దాటి నలభై లోపున్న ఆడా మగా అందరూ సూది వేయించుకోవాలన్నారు. మన ఆరోగ్య కార్యకర్త మార్లూసియా అయితే, ఇళ్ల దగ్గర మగవాళ్లు దొరకడం లేదని మంచు డబ్బా భుజాన వేసుకుని, తెప్పలు ఒడ్డుకొచ్చే వేళకి ఇసుకలోకే వచ్చేసింది.

"రండయ్యా, వరసలో రండి. చీమ కుట్టినట్టుంటుంది, అంతే."

మీ అన్నయ్యతో తెప్ప మీదకి వెళ్లే జెనివాల్ అన్నాడు. "కడుపుతో ఉన్నోళ్లకి ముప్పు చేసే జబ్బుకి మా చెయ్యెందుకు పొడుస్తావక్కా?"

"ఆ జబ్బుని వాళ్ల దాకా మోసుకుపోయేది మీరే గనక."

"అది కాదులే," అన్నాడు మీ అన్నయ్య, నడుం మీద చెయ్యేసుకుని. "అది పొడిస్తే మగాడు ఇంక పనికి రాడంట. ప్రభుత్వానికి జనం ఎక్కువైపోయారు, మా దగ్గర కోత పెడుతోంది. నాకు కొత్తగా పెళ్లయింది తల్లీ! నలుగురు పిల్లలు పుట్టాక రా, రెండు చేతులూ చాపుతాను."

ఒడ్డంతా గొల్లుమంది. దాచడం ఎందుకు, నేనూ నవ్వాను.

"నవ్వండి నవ్వండి," అంది మార్లూసియా డబ్బా మూస్తూ. "అలల మీద మీసాలు మెలేస్తారు. ఒడ్డున గుండుసూది చూస్తే చీర కొంగు వెతుక్కుంటారు."

ఆ తర్వాత కొన్నాళ్లకి జెనివాల్‌కి ఒంటి మీద ఎర్రగా దద్దుర్లు లేచాయి. ఎండ పొక్కులన్నాడు. వాడికి తగ్గిన కొద్ది రోజులకి మీ అన్నయ్య ఎరివాన్ పొద్దున్నే నూతి దగ్గర చొక్కా విప్పి నిలబడ్డాడు. మొహం, మెడ, ఛాతీ అంతా పొక్కులే. అమ్మ నీళ్లు తోడుతున్నదల్లా ఆగి, వాడి చెవుల వెనక వేళ్లు పెట్టి తడిమింది. గడ్డలు తగిలాయి. చేతిలో చేంతాడు వదిలేసింది. చేద నూతిలో పడ్డ చప్పుడుకి నేను బయటికి వచ్చాను.

"ఏంటమ్మా ఆ మొహం?" అన్నాడు వాడు నవ్వుతూ. "జెనివాల్‌కి మూడు రోజుల్లో పోయింది."

"నాకూ మూడు రోజుల్లోనే పోయిందిరా," అంది అమ్మ.

అప్పుడు ఆగింది వాడి నవ్వు. నీ సంగతి నీకు తెలిసిందేగా. నువ్వు అమ్మ కడుపులో మూడో నెలలో ఉన్నప్పుడు ఆమెకి వచ్చినవి ఆ దద్దుర్లే. నీ చెవులకి వినబడకపోవడం, ఆ ఎడమ కంటి పొర, గుండెలో మూసుకోవలసిన దారి మూసుకోకపోవడం, అన్నీ ఆ మూడు రోజులవే అని డాక్టరమ్మ నీకు బొమ్మ గీసి మరీ చెప్పింది. నీ కాలానికి ఈ సూది మన తీరం దాకా రాలేదు.

నేను వెనక్కి తిరిగేసరికి మీ వదిన సిలేని గుమ్మంలో ఉంది. చెయ్యి పొట్ట మీద ఉంది. ఆ వారమంతా చేపల వాసన పడక తిండి మానేసిన పిల్ల. మేమెవరం పట్టించుకోలేదు.

"అత్తా," అంది. "నాకు నెల తప్పింది. ఆదివారం చెబుదామనుకున్నా."

ఇంతటి శుభవార్త మన ఇంట్లో అలా బయటపడింది తల్లీ. ఎవరూ ఎవరినీ కౌగిలించుకోలేదు.

మార్లూసియా ఒక్క నిష్ఠూరం ఆడలేదు. ఆడితే బాగుండేది. సిలేనిని తన మోటారు సైకిలు వెనక కూర్చోబెట్టుకుని పట్నం తీసుకెళ్లి పరీక్షకి రక్తం ఇప్పించి తీసుకొచ్చింది. "కడుపుతో ఉన్నవాళ్లకి ఇప్పుడు సూది వెయ్యకూడదు. దద్దుర్లు తేలకముందే అంటుకునే జబ్బు కనక, ఇప్పుడు భార్యాభర్తల్ని విడదీసినా లాభం తక్కువే. సిలేని ఒంట్లో ముందు నుంచీ రక్షణ ఉంటే భయం లేదు. ఉందో లేదో రక్తమే చెప్పాలి," అంది. "చిన్నప్పుడేమైనా వేయించుకున్నావా?" అని అడిగితే సిలేని బిక్కమొహం వేసింది. ఎప్పుడో ఏదో సూది వేశారట. దేనికో తెలియదు. ఆ చీటీ వానల్లో ఇంటి గోడతో పాటే పోయింది.

జవాబు రావడానికి చాలా రోజులు పట్టింది. మీ అన్నయ్య తెప్పల పాకలో ఉయ్యాల కట్టుకుని అక్కడే పడుకున్నాడు. పిలిస్తే వచ్చి గుమ్మం బయట కూర్చుని తినేవాడు, కంచంలోకే చూస్తూ. ఇల్లు దాటి వినబడేలా మాట్లాడే వాడి గొంతు నాకు ఎప్పుడూ విసుగే. ఆ రోజుల్లో దాని కోసం చెవులు కోసుకున్నాను.

ఇక ఇది నేను రాయకుండా ఉందామనుకున్నాను. సిలేనే ఒప్పుకోలేదు. "ఆ మాటా రాయండి మావయ్యా, దాచకండి. రేపు తను నా మొహం చూసి ఎలాగూ కనిపెట్టేస్తుంది," అంది. ఒక మధ్యాహ్నం కర్రపెండలం పిండి వేయిస్తూ ఆ పిల్ల ఒక్కసారిగా భోరుమంది. "అత్తా, నాకు జందీరాలాంటి బిడ్డ పుడితే నేనేం చెయ్యనత్తా?"

అమ్మ గరిటె పక్కన పెట్టింది.

"జందీరాలాగా అంటే ఎలాగే? తన తిండి తను సంపాదించుకునేలాగానా? నీ పెళ్లి గౌను కుట్టిన చేతుల్లాగానా? దాన్ని పెంచినదాన్ని నేను. నాకు లేని ఏడుపు నీకెందుకు?"

గట్టిగానే అంది. అని, పెరట్లోకి వెళ్లి, జీడిచెట్టు కింద కూర్చుని, మీ వదిన కంటే ఎక్కువ ఏడ్చింది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. "అది ఇలా పుట్టినందుకు కాదు నా ఏడుపు," అంది. "దాని పెదాలు నీలంగా మారిపోయేవి చూడు, పాలు తాగలేక... ఇంకో తల్లి అది చూడకూడదు." నా కళ్ల ముందూ అవే పెదాలు.

తర్వాత ఒకనాడు, పగలు ఎండ మాడ్చేస్తుండగా, మోటారు సైకిలు చప్పుడు కంటే ముందు మార్లూసియా కేకే వినబడింది. "ఉంది! ఉందే పిల్లా! నీ ఒంట్లో ఉంది!" బండి ఆపడం మరిచి మేకల దొడ్డి కంచెకి గుద్దేసింది. నీళ్లైనా తాగకుండా కాగితం చదివింది. జబ్బు అంటలేదట. రక్షణ ఒంట్లో ఉందట, అదీ ఎప్పటి నుంచో. డాక్టరు కూడా చూసి, ఇక మామూలు కడుపుతో ఉన్నవాళ్లలాగే తిని తిరగమన్నాడట.

అప్పుడు గుర్తొచ్చింది సిలేనికి. పదిహేనేళ్లప్పుడు, వాళ్ల ఊళ్లో జీడిపళ్లు ఏరే కాలంలో, ఎవరో నర్సు గాడిద మీద మంచు పెట్టె కట్టుకుని వచ్చిందట. పెళ్లీడు ఆడపిల్లలందరికీ వేస్తోందంటే ఈవిడ పారిపోయి చెట్టెక్కిందట. ఆ నర్సు చెట్టు కింద కూర్చుని, "నాకేం తొందర లేదమ్మా, నువ్వు దిగకపోతే గాడిదే పైకొస్తుంది," అందట. నవ్వొచ్చి దిగిందట. ఆమె పేరు తెలియదు, మొహం కూడా సరిగా గుర్తు లేదు. అమ్మ ఇప్పుడు రోజూ ప్రార్థనలో పునీతులందరి పేర్లూ అయ్యాక "గాడిద మీద వచ్చిన ఆ అమ్మాయిని చల్లగా చూడు తండ్రీ" అని చేరుస్తోంది. నేనూ ఆమెన్ అంటున్నాను. నా జన్మలో నేను ఇంత నిండుగా అన్న ఆమెన్ లేదు.

నువ్వు అడిగినదానికి ఇప్పుడు జవాబు. మీ అన్నయ్య సూది వేయించుకోలేదు. జబ్బు వచ్చిపోయింది కనక ఇక అవసరం లేదంది మార్లూసియా. వాడు మాత్రం ఆ కబురు వచ్చిన మరునాడు ప్రతి తెప్ప దగ్గరికీ వెళ్లాడు. "నన్ను చూడండ్రా. మగతనం పోతుందని నవ్వించినవాణ్ణి నేనే. సిగ్గుతో నా పెళ్లాం వైపు చూడలేకపోయాను. పదండి," అన్నాడు. పెద్ద ఉపన్యాసం ఏమీ కాదు. కానీ లేచారు. మొదట లేచింది జెనివాల్ తమ్ముడు. అందరికంటే బలిసినవాడు సూది చూడగానే కళ్లు తేలేశాడు. ఆ సంబరంలో నేనూ చొక్కా చెయ్యి మడిచి వరసలో నిలబడితే మార్లూసియా నన్ను భుజం పట్టుకుని పక్కకి లాగింది. "ఈ వయసుకి మీకు వచ్చి పోయి ఉంటుంది. నా డబ్బాలో సరదాకి వేసే మందు లేదు, తప్పుకోండి." అలా నీ నాన్న పరువు ఇసుకలో కలిసింది.

ఇక మిగిలిందొకటి జందీరా. ఇది సిలేని చెప్పమన్నది కాదు, ఎవరికీ తెలియనిది.

ఆ ఎదురుచూసిన రోజుల్లో నేను కనిందే ఊళ్లోని పునీత ఫ్రాన్సిస్ స్వామికి మొక్కుకున్నాను. బిడ్డ వినగలిగేలా పుట్టేటట్టయితే చెక్కతో చెవి చెక్కి కాలినడకన తెచ్చి ఇస్తానని. నీ పేరు పైకి అనలేదు. కానీ "జందీరాలా కాకుండా" అన్నదే ఆ మొక్కు. కబురు మంచిదొచ్చింది, మాట ఇచ్చాక తప్పకూడదు కనక చెవి చెక్కాను. బయటి మడత బాగానే వచ్చింది, లోపలి మలుపులే రాలేదు. ఎలా ఉంటాయో చూద్దామని మనసులో వెతికితే నాకు కనబడింది నీ చెవే. చిన్నప్పుడు నా ఛాతీ మీద ఆనించి, నేను పాడుతుంటే ఆ అదురు తెలుస్తోందని నవ్వేదానివి చూడు, అదే చెవి. చేతిలో ఉలి కదల్లేదు.

చివరికి దాన్నే చూసి చెక్కాను. నడిచి వెళ్లి, మొక్కులు తీరినవాళ్లు ఇచ్చిన చెక్క కాళ్లూ చేతులూ పోగుపడి ఉన్న ఆ గదిలో పెట్టి వచ్చాను. స్వామితో ఒక్క మాట చెప్పాను. "నేను భయపడింది నా కూతురికి కాదు, నా కూతురు పడిన బాధకి. అడిగేటప్పుడు తేడా తెలియకుండా అడిగాను. ఆ బిడ్డని చల్లగా ఉంచినందుకు దండం. నాకు ఈ జందీరాని ఇచ్చినందుకు అంతకంటే పెద్ద దండం, ఇంత ఆలస్యంగా పెడుతున్నాను." ఇది ఆయనకి చెప్పి నీకు చెప్పకపోవడం దొంగతనంలా ఉంటుంది. అందుకే రాస్తున్నాను.

బాప్తిస్మానికి నువ్వే జ్ఞానతల్లివి అని ఎరివాన్, సిలేని నిర్ణయించేశారు. పుట్టేది ఆడో మగో గాని, నోటి మాట కంటే ముందు చేతుల మాట రావాలట. నేర్పించే పని నీదట. ఒప్పుకుంటావో లేదో నీ ఇష్టం. ఈ ఉత్తరం చదివాక నీకు కోపం రావచ్చు, న్యాయమే. క్రిస్మస్‌కి వచ్చి, నా ఎదురుగా నిలబడి, రెండు చేతులా తిట్టు. చిన్నప్పుడు వాదనలో నువ్వు గెలవబోయినప్పుడల్లా నేను కళ్లు గట్టిగా మూసుకునేవాణ్ణి. నువ్వు నా రెప్పలు వేళ్లతో విప్పదీసి మరీ చెప్పేదానివి. ఈసారి నీకా శ్రమ పెట్టను. నువ్వు చెప్పడం ఆపేదాకా చూస్తూనే ఉంటాను.

ఇట్లు,
నీ మాటలు చూడటానికి ఎదురుచూస్తున్న
నాన్న, ఒటాసీలియో