పథ్యం పెట్టిన మర్నాడు

తమ్ముడూ, నువ్వు చెరువుగట్టు మీద పడి ప్రాణం విడిచి నేటికి ఏడాది. నీ కొడుకు శ్రీను అమలాపురం ఆసుపత్రిలో ఉన్నాడు. జ్వరం దిగింది గానీ గుండె లయ తప్పుతోంది.

"జ్వరంతో పోరాడ్డానికొచ్చిన తెల్లకణాలు గుండెలోంచి ఇంకా కదల్లేదండీ. లయ చెడగొడుతున్నవి అవే. కొన్ని నెలలు బరువు పని చేస్తే ప్రాణానికే ముప్పు" అంది డాక్టరమ్మ. పెళ్లయినా కదలని చుట్టాల్ని ఎరుగుదును గానీ, కాపలాకొచ్చినవాళ్లే ఇల్లు పీకుతారని ఏ పుస్తకంలోనూ చదవలేదు.

వీడేమో, "రేపు మన చెరువులో రొయ్యల పట్టుబడి కదా పెదనాన్నగారూ. పథ్యం కూడా పెట్టేసేరు, ఇంకా జబ్బేంటండీ" అంటున్నాడు. పథ్యం తిన్న మర్నాడు పనిలోకి దిగడం మన ఇంటి అలవాటాయె.

వాడి బండి తాళం నా మొలతాడుకి కట్టుకున్నాను. నీకు పథ్యం పెట్టిన మర్నాడు, బండికి కిక్కు కొట్టి చెరువుకి పంపింది నేనే.