అబ్బా పెట్టిన సంతకం

నవంబర్ 6, 2023. ప్రొద్దుటూరు

రేపు ఎడమ భుజానికి ఆపరేషన్. పాఠం చెప్పి దిగుతూ బడి మెట్ల మీద జారిపడ్డ ఫలితం. మత్తు డాక్టరు వచ్చి, మీ వాళ్లలో ఎవరికైనా మత్తుమందుతో ఇబ్బంది వచ్చిందా అని అడిగాడు. లేదన్నాను. మీ నాన్నగారేరీ అన్నాడు. అబ్బా అప్పుడు మందుల షాపుకు వెళ్లాడు.

నవంబర్ 9

బతికే ఉన్నాను.

అదే రోజు, సాయంత్రం 4

ఆపరేషన్ అయ్యాక తెలివి వచ్చింది, ఒళ్లు రాలేదు. రెప్ప ఎత్తలేను. వేలు కదపలేను. నా బదులు వెంటిలేటర్ ఊపిరి పీలుస్తోంది. మాటలన్నీ వినిపిస్తున్నాయి. మేలుకునే ఉన్నానని ఎలా చెప్పడం? తర్వాత వాళ్లకే తెలిసి మళ్లీ నిద్రపుచ్చారట. మొత్తం ఐదు గంటలు వెంటిలేటర్ మీదే.

ఆ కాసేపట్లో అబ్బా గొంతు విన్నాను. ఏడుస్తున్నాడు.

"మా చెల్లెలికీ ఇట్లనే అయింది సార్. అపెండిక్స్ ఆపరేషన్ చేసినాక ఊపిరి రాల్యా. కాగితం మీద సంతకం పెట్టింది నేనే."

మసరత్ ఫుప్పు, నా మేనత్త. పేగు పగిలి చనిపోయిందనే నాకు చెప్పారు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు.

నవంబర్ 11. జమ్మలమడుగు

ఇంటికి వచ్చేశాను. నొప్పి. నిద్ర లేదు. ఫుప్పే గుర్తొస్తోంది.

పెళ్లికి ముందు ఈ వరండాలోనే బడి యూనిఫారాలు కుట్టేది. కుట్టుమిషన్ తొక్కుతూ ఈల వేసేది. ఆడపిల్లకు ఈలేంది అని వాళ్లమ్మ, మా దాదీ, అరిస్తే ఇంకో పాట ఎత్తుకునేది. మిగిలిన నీలం గుడ్డ నాకు రిబ్బన్లయ్యేది. ఒకసారి గండికోట తీసుకుపోయి, బండ మీద కూర్చోబెట్టి సెనక్కాయలు ఒలిచిపెట్టింది. కింద పెన్నలో నీళ్లు లేవు. నీళ్లొచ్చినాక మళ్లీ వద్దామంది.

ఇప్పుడు అక్కడ నిండా నీళ్లే.

నవంబర్ 17

నా రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది. మత్తుతో పాటు కండరాలను వదులు చేసే మందు ఒకటి ఇస్తారట. దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ నా రక్తంలో దాదాపు లేదు. పుట్టుకతోనే. ఫుప్పుకూ అదే అయ్యుండొచ్చు, ఖాయంగా చెప్పలేమన్నాడు డాక్టరు. రక్తసంబంధీకులంతా పరీక్ష చేయించుకోవాలట.

చిన్న ఆసుపత్రిలో చేయించకుండా కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయుంటే చెల్లెలు బతికేదా అని అబ్బా అడిగాడు. వెంటిలేటర్ ఉన్నచోట బతికేదేమో, కానీ ఆ సంగతి మీకెలా తెలుస్తుంది అన్నాడు డాక్టరు. అబ్బా మొదటి సగమే విన్నాడు.

నవంబర్ 18

ఫుప్పు కూతురు ఆర్షియాకు ఫోన్ చేశాను. తల్లి పోయినప్పుడు దానికి రెండేళ్లు. అబ్బానే చంపాడని పులివెందులలోని ఫుప్పు అత్తింటివాళ్లు ఆనాడే రాకపోకలు మానేశారు. అంతా చెప్పాను.

"ఇన్నేండ్లూ మామూను తిట్టుకుంటానే పెరిగినా," అంది. పెట్టేసింది.

నవంబర్ 26, ఆదివారం

ఆర్షియా వచ్చింది. రేపు మధ్యాహ్నం ప్రొద్దుటూరులో దాని రక్తపరీక్ష. అబ్బా లేచి నిలబడ్డాడు, మళ్లీ మంచం మీద కూర్చున్నాడు. అది పోయి ఆయన పక్కన కూర్చుంది. ఆపరేషన్‌కు పోయేటప్పుడు అమ్మ భయపడిందా అని అడిగింది.

"యాడ భయం బేటీ! నేనే వణుకుతాంటే, నన్ను నవ్విచ్చి లోపలికి పోయింది."

నవంబర్ 27

అబ్బా పదిన్నర దాకా పడుకున్నాడు. ఎప్పుడూ తెల్లవారుజామున ఫజర్ నమాజుకే లేచే మనిషి. రెండుసార్లు వెళ్లి ఊపిరి చూసి వచ్చాను.