పిచ్చుకల పెట్టె

అక్టోబరు 5
పెరడంతా రాలిన ఆకులే. ఒక పక్క ఊడుస్తుంటే ఇంకో పక్క రాలుతున్నాయి. ఉడుత ఒకటి పూలకుండీలన్నీ తవ్వి గింజలు దాచుకుంటోంది. దానికున్న ముందుచూపు మా అబ్బాయికి లేదు. మంచు పడేలోపు నీళ్ళ గొట్టం చుట్టి లోపల పెట్టరా అంటే రేపంటాడు.

కోడలు కిటికీ దగ్గరే కూర్చుంటోంది. వేసవిలో తొమ్మిదో నెలలో బిడ్డ కడుపులోనే పోయింది. ఇప్పటిదాకా కోడలు కన్నీటి చుక్క రాల్చలేదు. బిడ్డను నేను చూశాను గానీ, తను చూస్తే తట్టుకోలేదని, చూపించొద్దని డాక్టరుకు నేనే చెప్పాను. హాస్పిటల్ నుంచి వచ్చేలోపే ఉయ్యాల, చిన్న బట్టలు అన్నీ ఇచ్చేయించాను. కంటికి కనబడకపోతే మనసు కుదుటపడుతుంది.

అక్టోబరు 9
గోడకున్న పిచ్చుకల పెట్టె ఏటా ఈ రోజుల్లోనే శుభ్రం చేస్తాం. అది కోడలి పని. ఈసారి తను ఆఫీసుకెళ్ళాక నేనే స్టూలెక్కాను, ఈ మోకాళ్ళతో. పాత గూడు లాగితే అందులో ఒక గుడ్డు. పిల్ల కాని గుడ్డు. ఇది కోడలి కంటపడితే ఇంకేమైనా ఉందా? గూటితో సహా ఆకుల కుప్పలో పారేసి, పెట్టె కడిగి ఎండలో పెట్టాను.

సాయంత్రం
గుడ్డేదని కోడలు అడిగింది. తనకు తెలుసట. పిల్లలు ఎగిరిపోయాక ఒకసారి ఎక్కి చూసిందట. దాని మానాన దాన్ని ఉండనిమ్మని మూత వేసేసిందట. కిటికీలోంచి రోజూ చూసేది ఆ పెట్టెనేనట.

ఇదీ తీసేశారా అత్తయ్యా అంది. నాలుగు తిట్టినా బాగుండేది.

అక్టోబరు 10
పొద్దున్నుంచీ ఆకుల కుప్ప ముందే. ఒక్కో ఆకూ తీసి చూశాను. ఒక కప్ప బయటపడింది, ఒక జెర్రి. గూడు దొరికింది. గుడ్డు లేదు. ఉడుత తినేసిందో, నేనే తొక్కేశానో. పిచ్చుక గుడ్డుకి ఇంత రాద్ధాంతమా అన్నాడు మా అబ్బాయి. నోరుమూసుకుని గొట్టం చుట్టమన్నాను. చుట్టాడు.

మధ్యాహ్నం కోడలు వచ్చి నా పక్కన కూర్చుని తనూ వెతికింది. చీకటి పడ్డాక, చాలు లేవండి అంది.

లోపలికెళ్ళి నా అలమరాలోంచి ఊలు టోపీ తెచ్చి ఇచ్చాను. బిడ్డకని నేనల్లిందే. అదొక్కటీ ఇచ్చేయడానికి చెయ్యి రాలేదు.

మీరు మాత్రం దాచుకున్నారు అంది. తర్వాత టోపీలో మొహం పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నన్ను ముట్టుకోనివ్వలేదు.

అక్టోబరు 17
పెరడు ఊడుస్తూ, బిడ్డది ఎవరి పోలిక అని అడిగింది కోడలు.
గడ్డం మీద సొట్ట అచ్చం నీదే అన్నాను.
చీపురు ఆపి, గడ్డం తడుముకుంది.