నలుగురి కోసం దాచిన ద్రాక్షారసం

ఆదోని పట్నం కాపురస్తుడు, ఒకప్పటి పత్తి మిల్లు కూలి, కీ.శే. దేవదానం కుమారుడు ఇశ్రాయేలు అనే నేను, యాభై ఎనిమిదేండ్ల వయసులో, ఊపిరి చాలకపోయినా తెలివి చెడకుండా, ఎవరి ఒత్తిడీ లేకుండా రాయించిన వీలునామా. ఇక మందు దండగని డాక్టరు చెప్పినందున ఆలస్యం చేయడం లేదు.

1. నా భార్య కీ.శే. దానమ్మ ఇత్తడి బిందె, బైబిలు కోడుమూరులో ఉన్న నా కూతురు ఏసమ్మకు చెందవలెను. బిందె అడుగున మాటు ఉంది, నీళ్లు నిలుస్తాయి. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత కూడా ఆమెదే. ఏసమ్మా, ఇంకేమీ లేదమ్మా.

2. ఎర్ర ద్రాక్షారసం సీసా సంగతి. 1932లో మిల్లు దొర సీమకు వెళ్లిపోతూ, సామాన్లు మోసినందుకు నాకు ఇచ్చాడు. నేను, పుల్లన్న, అయ్యన్న, అబ్రహాం అప్పట్లో ఒకేచోట పత్తి బేళ్లు కట్టేవాళ్లం. నలుగురికీ పని ఖాయమైన రోజున తాగుదామని అటక మీద దాచాను. ఆ ఖాయం కోసమే నలభై ఏడులో సమ్మె చేశాం. ఇరవై రెండో రోజున అబ్రహాం పనిలోకి వెళ్లాడు. అతని వెనకే అందరూ వెళ్లారు. సమ్మె నడిపించామని మా ముగ్గురిని మాత్రం గేటు దాటనివ్వలేదు. పుల్లన్న ఆ ఏడే చనిపోయాడు. అయ్యన్న బొంబాయి వైపు వెళ్లి మళ్లీ జాబు రాయలేదు. దానమ్మ జ్వరానికి నేను మందు తేలేకపోయాను. అబ్రహాంతో తొమ్మిదేండ్లు మాట్లాడలేదు.

మొన్న ఆదివారం, ఆసుపత్రిలో చేరకముందు, ఇంటికి రమ్మని అతనికి కబురు పంపాను. వచ్చి గడప అవతలే నిలబడ్డాడు. నేనే లోపలికి పిలిచాను. బిరడా విరిగి లోపల పడితే పంచె కొంగుతో వడకట్టాను. రసం పులిసిపోయింది. నేను ఉమ్మేశాను. అతను లోటా ఖాళీ చేసి, "ఇంగొంచెం పొయ్యన్నా. మల్లా యాడ పిలుస్తావు నన్ను?" అన్నాడు. కాసేపటికి, నేను అడగకుండానే, "నేను పనిలోకి పోయిన పొద్దుకు నా బిడ్డలు మూడు దినాలుగా కూడు సూడలేదు" అన్నాడు. ఆ మాట నాకు అంతవరకు తెలియదు. తెలిసినందువల్ల దానమ్మ తిరిగి రాదు.

3. నా నల్ల కంబళి అబ్రహాంకు ఇవ్వవలెను. అతనూ దగ్గుతున్నాడు. క్షమించానని మాత్రం రాయించలేను. ప్రభువు ముందుకు అబద్ధంతో పోలేను.

4. మద్యనిషేధం ఉండగా ఆ సీసా దాచినదీ తెరిచినదీ నేనే. అబ్రహాం బాధ్యుడు కాడు.

5. కంబళి పొందేవాడు సాక్షిగా ఉండరాదని రాసేవారు చెప్పారు. నా స్నేహితుల్లో ఈ ఊళ్లో మిగిలినవాడు అతనొక్కడే. అందువల్ల ఆసుపత్రి వరండాలో కనిపించిన ఇద్దరిని బతిమాలుకున్నాను.

ఆదోని, 22-2-1956.

ఇశ్రాయేలు, ఎడమ బొటనవేలి ముద్ర

సాక్షులు:
1. హనుమంతరావు, బడిపంతులు, ఎమ్మిగనూరు
2. ఉచ్చీరప్ప, సేద్యగాడు, హొళగుంద

దస్తూరి: సేతుమాధవరావు. సాక్షులిద్దరూ ఇశ్రాయేలును ఈరోజే మొదటిసారి చూశారు.