కొండమ్మ బావి నీళ్ళు

గురజాల
మే నెల, 1987

చిరంజీవి మహమూదాకి మీ నాయన సైదులు దీవించి రాసేది. ఇక్కడ నేనూ మీ అమ్మా పైవాడి దయవల్ల తిని తిరుగుతున్నాం. నువ్వు అక్కడ వేళకి తింటున్నానని రాశావు. అది నేను నమ్మలా. మొన్న వచ్చినప్పుడు నీ మెడ ఎముకలు చూశాను.

ఈసారి ఆనందరావు మాస్టారి చేత రాయించలేదు, నేనే రాస్తన్నా. ఒకటికి రెండుసార్లు కూడబలుక్కుని చదువుకో. ఎందుకు రాయించలేదో చివర్లో నీకే తెలుస్తది.

ముందు నువ్వు అడిగినవి చెప్తా. మీ అమ్మ మోకాలు వాపు తీసింది, నొప్పి తియ్యలేదు. నెత్తిన బిందె పెట్టొద్దని డాక్టరు చెప్పాడు. ఆమె ఎవరి మాటన్నా వినిందా ఎప్పుడన్నా. వానలు లేవు. కాలవలో పిల్లలు గోలీలాడుతున్నారు. దున్నే పని లేక ట్రాక్టర్లన్నీ ఇళ్ళ ముందు నిలబడ్డయి. నిలబెడితే బ్యాటరీ చస్తది కదా, అందుకని నా బ్యాటరీ షాపుకి మాత్రం గిరాకీ ఉంది. అందరూ ఏడుస్తుంటే నాకు పని దొరికింది, ఎవరికన్నా చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది.

బ్యాటరీలో సీసం ప్లేటు మూలలు మధ్యనుండే సెపరేటరు పొరని కొయ్యకుండా ఏం చేస్తావు నాయనా అని అడిగావు. ఇందులో పెద్ద విద్యేమీ లేదు. మూలలు ఆకురాయితో గుండ్రంగా అరగదీస్తా. వేలు పెట్టి చూస్తా. వేలికి గుచ్చుకుంటే ఇంకా అరగదీస్తా. రెండు ప్లేట్ల మధ్య సెపరేటరు ఉన్నన్నాళ్ళే బ్యాటరీ, దానికి బొక్క పడితే అది ఇనుప సామాను వాడిదే. మీ లేబొరేటరీ పెద్దసారుకి ఈ ముక్క తెలియదని నేననుకోను. నువ్వు అడిగావు కాబట్టి రాశా.

నువ్వు చేస్తున్న కరెంటు పుట్టించే సెల్లులో పొర చిరిగిందని చదివి ఆ పూట షాపు తీయలేదు. నువ్వు బొమ్మ గీసి పంపావు కదా, అది ముందరేసుకుని కూర్చున్నా. ఒక పక్క నుంచి హైడ్రోజన్ వస్తది, ఇంకో పక్క నుంచి గాలి, మధ్యన ఆ పొర. పొర బాగున్నంతసేపూ కరెంటు పుడతది, ఓ పక్క నీళ్ళు కారతయి. ఆ పొర ఎండినా, చట్రం అంచు కొరికినా, ఒక పక్క ఒత్తిడి ఎక్కువై ఉబ్బినా చిరుగుద్ది. చిరిగితే గ్యాసూ గాలీ కలిసి అక్కడే మండుతయి. ఇంతవరకూ నాకు బాగానే ఎక్కింది. గ్యాసుని తడిపే కుండకి వేడి ఆగిపోయిందనీ, ఎవరూ చూసుకోలేదనీ, నువ్వు పొద్దున వెళ్ళేసరికి పొర నడిమధ్యన ఎండి పగిలిందనీ రాశావు. నడిమధ్యన అని చదివి, నిజం చెప్తన్నా, ముందు సంతోషపడ్డా. అంచు దగ్గర కాదు, నేను కోసిచ్చిన రబ్బరు దగ్గర కాదు. తర్వాత నా బుద్ధికి నాకే సిగ్గేసింది. బిడ్డ కొంప మునిగితే నా రబ్బరు గెలిచిందని సంబరపడ్డా.

మీ లేబొరేటరీ వాళ్ళ సమ్మె అప్పుడు నువ్వు ఆ సెల్లు పట్టుకుని వచ్చి మన షాపులో కూర్చున్న రోజులు నాకు ఇంకా కళ్ళల్లోనే ఉన్నయి. లారీ ట్యూబు కోసి, పొర చుట్టూ మెత్తటి అంచు పెట్టాలని నువ్వు. కత్తిరించి కత్తిరించి నేను. "ఇంకొంచెం సన్నగా నాయనా" అని నువ్వంటే, "ఏమే, నేనేమన్నా జాకెట్లు కుట్టేవాడినా" అని తిట్టా. రోజంతా నవ్వావు. ఆ సెల్లు కరెంటుతో చిన్న ఫ్యాను తిరిగినప్పుడు మీ అమ్మ దాని ముందు మొహం పెట్టి "ఈ గాలి చల్లగా ఉందే" అంది. కరెంటు గాలికీ దీని గాలికీ తేడా కనిపెట్టిందంట ఆమె.

మీ లేబొరేటరీ తెరిచారని టెలిగ్రాం వచ్చిన రోజు నువ్వు సెల్లు తీసుకుపోయి, మిగిలిన ఒక్క పొరనీ గాజు జాడీలో ఇక్కడ వదిలావు. "రెండూ ఒక బస్సులో వద్దు నాయనా. ఒకటి పోతే ఒకటన్నా ఉంటది. షాపులో డిస్టిల్డ్ వాటరే పొయ్యి, ఇంకే నీళ్ళూ వద్దు" అన్నావు.

"నీళ్ళ సంగతి నాకు చెప్తన్నావా" అన్నా. బస్సు కదిలింది.

ఇప్పుడు నువ్వు రాశావు, ఆ జాడీలోది వెంటనే పంపమని. కొత్తది విదేశాల నుంచి రావాలంటే ఏడాది, దానికి మీ పెద్దసారు సంతకం పెట్టడు. వచ్చే నెల కమిటీ వచ్చేసరికి సెల్లు నడవకపోతే ఆ పని మూసేస్తారు, నీ ఉద్యోగం కూడా దాంతోనే పోద్ది. ఇంత రాసి కింద ఒక ప్రశ్న అడిగావు. డిస్టిల్డ్ వాటరే పోస్తున్నావు కదా నాయనా అని.

అన్నిటికీ జవాబు చెప్పి ఆ ఒక్కటి దాటేశాను. నువ్వు చూసే ఉంటావు.

పోయలేదమ్మా.

షాపులో డిస్టిల్డ్ వాటరు క్యాను యాసిడు క్యాన్ల పక్కనే ఉంటది. గరాటూ అదే. మూత తీస్తే యాసిడు వాసన ముక్కుకి తగులుద్ది. నా లుంగీలు నువ్వు చూశావు, జల్లెళ్ళు. గోనెపట్టా లాంటి గుడ్డనే తినేసే యాసిడు, ఉల్లిపొర లాంటి దాన్ని ఉంచుద్దా అనుకున్నా. ఆ పొర యాసిడుకి ఓర్చుకుంటదని నువ్వు చెప్పావు. నేను నమ్మలేదు. మన ఇంటి బావి నీళ్ళు పనికిరావని నాకూ తెలుసు, పప్పు ఉడకని నీళ్ళు, గిన్నెకి సున్నం పట్టే నీళ్ళు. అందుకని మీ అమ్మతో చెప్పా, కొండమ్మ బావి నుంచి తెమ్మని. ఊళ్ళో పెళ్ళిళ్ళకి అక్కడి నుంచే మోస్తారు. పప్పు మెత్తగా ఉడుకుద్ది. నువ్వు పుట్టినప్పుడు నీకు మొదట పోసింది ఆ నీళ్ళే. నీ వస్తువుకి ఇంతకన్నా మంచివి ఇంకేం పోస్తాం అనుకున్నా.

డాక్టరు వద్దన్న మోకాలితో మీ అమ్మ బిందె మోసింది. పాత చీర కొంగు శుభ్రంగా ఉతికి, వడగట్టి పోసింది. జాడీ గూట్లో పెట్టి, పైన గుడ్డ కట్టింది. ట్రాక్టరు శివయ్య నన్ను పిలవడానికి ఇంటికొచ్చి దాన్ని చూసి, "ఏంది సైదులు మామా, ఖాళీ జాడీకి కాపలా కాస్తన్నారు" అన్నాడు. నీళ్ళల్లో అది కనపడదు కదా. "అందులో మా అమ్మాయి చదువుందిరా, నీకేం కనపడుద్ది" అంది మీ అమ్మ. వాడు దణ్ణం పెట్టి పోయాడు.

ఎండలకి నీళ్ళు తగ్గతన్నయి, పోస్తన్నాం, తగ్గతన్నయి, పోస్తన్నాం. కొండమ్మ బావిలో కూడా సున్నం ఉంటదని నీ ఉత్తరం వచ్చిందాకా నాకు తోచలేదు. సున్నం నీళ్ళు తగిలితే అది పొర లోపలికి దిగి కూర్చుంటదనీ, ఇక కరెంటు దాటదనీ చదివి, జాడీ గుడ్డ విప్పి పొర బయటికి తీశా. అడ్డంగా తెల్లటి గీత. మన గిన్నెలకి పడతదే, అట్టాంటిది.

అక్కడితో ఆగి నీకు రాసి ఉంటే బాగుండేది. సున్నాన్ని పల్చటి యాసిడులో కాచి తియ్యొచ్చని నువ్వే రాశావు. నేను భయపడ్డ యాసిడే దానికి మందంట. కానీ ఆ గీత నీ కంట పడకూడదనుకున్నా. నీళ్ళ సంగతి నాకు చెప్తన్నావా అన్న నోరు కదా. బొటనవేలితో రుద్దా. పోలేదు. గోటితో గీకా. ఎన్ని ప్లేట్ల మూలలు అరగదీశానో, నా గోరు మూల చూసుకోలేదు.

గుమ్మంలో ఎండకి పెట్టి చూశాను. ఆ తెల్ల గీతలోంచి సూదిమొనంత వెలుగు అవతల నుంచి ఇవతలికి వచ్చింది, బొక్క.

ముందు మాస్టారి చేతే ఒక ఉత్తరం రాయించా. అంతా క్షేమం, జాడీలోది పంపుతున్నా, జాగ్రత్తగా వాడుకో అని. పార్శిలు కట్టి పోస్టాఫీసు దాకా పోయా. వరసలో నిలబడ్డా. నా వంతు వచ్చేసరికి, నువ్వు దాన్ని చట్రంలో బిగించి గ్యాసు వదులుతుంటే కనపడ్డావు. మండితే పొర ఒక్కటే మండదు కదా. నీ మొహం దాని మీదికి వంగి ఉంటది, నాకు తెలుసు. "ఏంది పెద్దాయనా, తూకం వెయ్యమంటావా వద్దా" అన్నాడు లోపలి మనిషి. వద్దని తిరిగొచ్చా. ఆ ఉత్తరం చింపేసి ఇది రాస్తన్నా.

పొరని ఈ ఉత్తరంతోనే పంపుతున్నా, డిస్టిల్డ్ వాటరులో తడిపిన గుడ్డలో చుట్టి, టిఫిను డబ్బాలో. బొక్క ఉన్న పక్కన గుడ్డకి ఎర్రదారం కుట్టా. దాన్ని బిగించొద్దు. ఎందుకూ పనికిరాదని తెలిసీ పంపుతున్నా, నీ వస్తువు నా దగ్గర ఉంచుకోడానికి మనసొప్పక. అతికించడానికి ఏదన్నా దారి ఉందా అని అడగబోయి మానుకున్నా. చినిగిన సెపరేటరుని అతికిస్తానని ఎవడన్నా వస్తే నేనే షాపు మెట్లు దిగమంటా.

మూసేస్తే నేనేం చెయ్యను నాయనా అని అడిగావు. ఇంటికి రా అని రాద్దామనుకున్నా. వచ్చి ఏం చేస్తావు, నా పక్కన కూర్చుని బ్యాటరీలు కడుగుతావా. కమిటీ వాళ్ళతో మా నాయన పాడు చేశాడని చెప్పు. నిజమే కదా. నా పేరు కూడా చెప్పు, నాకేం కాదు. దానివల్ల వాళ్ళ మనసు మారుద్దని నేననుకోవడం లేదు.

మీ అమ్మకి ఇంకా చెప్పలేదు. పొర తీసేసినా జాడీ చూడడానికి అట్టాగే ఉంది. ఇవాళ పొద్దున కూడా కొండమ్మ బావి నుంచి తెచ్చి పోసింది. కుంటుకుంటా వచ్చి, గుడ్డ కట్టి, "పిల్ల ఎప్పుడు పంపమంటదో, తాజా నీళ్ళల్లో ఉండనీ" అంది. నేను పక్కనే కూర్చుని ఈ ఉత్తరం రాస్తన్నా.

ఇట్లు,
నీళ్ళ సంగతి తెలుసనుకున్న
మీ నాయన
సైదులు