సోనాదా చిమ్మెట

సోనాదా,
ఏప్రిల్ 9

ప్రియమైన నానీకి,

నా కూతురికి ఈ బా ఆశీస్సులు. నేను పట్టిన చిమ్మెటని ఇంతవరకూ ఎవరూ చూడలేదని నేను పంపిన బొమ్మా కొలతలూ చూసి కలకత్తాలో మీ కాలేజీ పెద్ద సారు కూడా ఒప్పుకున్నారా! నేననలేదూ? ముప్ఫై ఏళ్ళు ప్లాట్‌ఫారం దీపం కింద నిలబడ్డవాణ్ణి, ఏ పురుగు మన ఊరిదో, ఏది చుట్టపుచూపుగా వచ్చిందో నాకు తెలియదా? "రైళ్ళు చూడమని జీతమిస్తే పురుగులు చూస్తున్నాడు" అని మీ అమ్మ ఊరంతా చాటేది. ఇప్పుడుండాల్సింది మహాతల్లి.

అలాంటిది మళ్ళీ ఒక్కటి కూడా దొరకలేదు. ఉన్నదాన్ని రెక్కలు విప్పి, పిన్ను గుచ్చి బీరువాలో పెట్టాను. పంపమంటావా? నువ్వు దాని మీద వ్యాసం రాయగానే నాకొక ప్రతి పంపు. ఇంగ్లీషైనా నిదానంగా కూడబలుక్కుంటాను.

ప్రేమతో,
నీ బా
జస్బీర్ ముఖియా (మాజీ స్టేషన్ మాస్టరుగారు!)

*

కలకత్తా,
మే 20

ప్రియమైన బా,

చిమ్మెటని పోస్టులో పంపకండి, నలిగిపోతుంది. నా హాస్టల్ గది నిండా చీమలు. మీ బీరువా కంటే భద్రమైన చోటు లేదు.

వ్యాసం ప్రతి దీంతో పంపుతున్నాను. రాయడం ఒక ఎత్తు, జర్నల్ వాళ్ళు చెప్పినట్టు ముస్తాబు చెయ్యడం ఒక ఎత్తు. అంచులు ఇంత వదలాలట, వరసకీ వరసకీ మధ్య రెట్టింపు ఖాళీ ఉండాలట. ఆధారాల పట్టికలో సంవత్సరం ముందు పెడితే చివర పెట్టమన్నారు. చివర పెడితే బ్రాకెట్లు తీసెయ్యమన్నారు. రెక్క బొమ్మ కింద కొలత గీత లేదని మొత్తం తిప్పికొట్టారు. ప్రాణాలు తోడేస్తున్నారు బా! మీరు రెక్కల కొలతలు మాత్రం సరిచూడండి. మిగతావేవీ పట్టించుకోకండి, నాకు ఊపిరాడటం లేదు.

తొందరలో, మీ నానీ
బినీత

*

సోనాదా,
జూన్ 11

ప్రియమైన బినీతకి,

కొలతలు సరిగ్గానే ఉన్నాయి.

వ్యాసం అంతా చదివాను. "ఒక రైల్వే ఉద్యోగి దీపం దగ్గర పట్టాడు" అని రాశావు. బాగుంది. ఉద్యోగి అని మర్యాదగానే అన్నావు, సంతోషం. కృతజ్ఞతలు చెప్పేచోట ఖాళీ వదిలావు. అక్కడ మీ పెద్ద సారు పేరు పడుతుంది కాబోలు. పడాలి కూడా, పెద్దవాళ్ళు.

వానలు పట్టుకున్నాయి. ఇంట్లో బట్టలు ఆరడం లేదు. ఇక నాకు ప్రతులవీ పంపకు, స్టాంపులు దండగ.

ఉంటాను,
జస్బీర్ ముఖియా

*

కలకత్తా,
సెప్టెంబరు 2

నా బంగారు బా,

వ్యాసం ఒప్పుకున్నారు! ఇన్నాళ్ళూ మీరు రాయలేదు, నేనూ రాయలేదు. ఈ కామాలతో, చుక్కలతో చచ్చాను. కబురు చెబుదామని కూర్చుని మీ జూన్ ఉత్తరం తీశాను. అప్పట్లో కొలతల మాటొక్కటీ చూసి పక్కన పడేశాను. ఇప్పుడు చివరిదాకా చదివాను. అయ్యో బా, మీరేమనుకున్నారు! వ్యాసం మంచిదో కాదో తేల్చేవాళ్ళకి అది ఎవరిదో తెలియకూడదని ఈ జర్నల్ నియమం. అందుకని పేర్లన్నీ తీసేసి ఖాళీలు వదిలి పంపాలి. నా పేరు మాత్రం ఉందా అందులో? అదే ప్రతి మీకూ పడేశాను, ఒక్క ముక్క చెప్పకుండా. నా బుద్ధి మండా!

ఇప్పుడు ఖాళీలన్నీ నింపాను. పట్టినవారు జస్బీర్ ముఖియా. చిమ్మెట శాస్త్రీయ నామం చివర మీ పేరే, 'జస్బీరి'. లోకం ఉన్నంతకాలం దాని పేరదే. అచ్చయ్యాక చూపించి మీ మొహం చూద్దామనుకున్నాను.

ఇక ఒక్కటే మిగిలింది. అసలు చిమ్మెటని ఇక్కడి మ్యూజియంకి అప్పగించి, వాళ్ళిచ్చే నంబరు వ్యాసంలో వెయ్యాలి. అది లేకపోతే వ్యాసమూ రాదు, పేరూ చెల్లదు. పెట్టె ఒళ్ళో పెట్టుకుని వెంటనే బయల్దేరండి. స్టేషన్‌కి నేనొస్తాను.

మీ నానీ

*

సోనాదా,
సెప్టెంబరు 15

ప్రియమైన నానీకి,

నేను బయల్దేరలేదు. ఎందుకో రాయడానికి చెయ్యి రావడం లేదు.

వానాకాలమంతా ఆ బీరువాలో బల్బు వెలుగుతూ ఉండాలి. లేకపోతే ఈ కొండల చెమ్మకి ఏదీ మిగలదు. నీ వ్యాసం చదివిన రోజున ఆ బల్బు ఆర్పేశాను. పాడు చెయ్యాలని కాదమ్మా. రైల్వే ఉద్యోగికి ఈ సొదంతా ఎందుకులే అనిపించింది. మళ్ళీ ఆ తలుపు తీసింది నీ ఉత్తరం చేతిలో పట్టుకునే. అంతా బూజు, నానీ. ముట్టుకుంటే రెక్కలు పొడిపొడిగా రాలాయి. పిన్నూ, పట్టిన తేదీ రాసిన చీటీ మిగిలాయి.

ఒక్క కార్డు ముక్క రాసి "నా పేరేదే?" అని అడిగుంటే పోయేది. బోడి రోషం నాది. కన్నకూతురి మీదా రోషం!

పోస్టులో పోయిందని జర్నల్ వాళ్ళకి చెప్పమని నీకు రాయబోయాను. వద్దు. స్టేషన్ మాస్టరు చేతులారా పాడు చేశాడని ఉన్నదున్నట్టు రాయి. రోజూ చీకటిపడగానే ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళి నిలబడుతున్నాను. దీపానికి ఏవేవో పురుగులు వస్తున్నాయి, అది రాలేదు.

నిన్న టీ కొట్టు నడిపే కర్మా అడిగాడు, "ఏం మాస్టరుగారూ, అమ్మాయి మీ పురుగుని అచ్చు వేయించిందా?" అని. వేయించిందన్నాను. దానికి నా పేరే పెట్టిందన్నాను. "ఓర్నాయనో! ఏదీ, ఆ పేరోసారి చెప్పండి!" అన్నాడు. చెప్పాను. కొట్లో అందరూ చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను.

బా