పెద్దామె ‘నే’ అంది

మార్చి 3, సోమవారం

ఈ రోజు మా లాండ్రీలో రోలర్ మిషన్ కొత్తమ్మాయి చేతిని లాక్కుంది. నాలుగు వేళ్ళు. మేం ఉతికేవి ఆసుపత్రి దుప్పట్లు కాబట్టి ఆసుపత్రి గోడ అవతలే ఉంది. అదొక్కటే అదృష్టం. ఆ పిల్ల అరవలేదు. స్ట్రెచర్ ఎక్కిస్తుంటే తన చెప్పు ఒకటి ఎక్కడో పడిపోయిందని మాత్రం రెండుసార్లు చెప్పింది.

రోలర్ ముందు ఒక ఇనప గార్డ్ ఉండాలి. చెయ్యి తగిలితే మిషన్ దానంతటదే ఆగిపోతుంది. మాటిమాటికీ ఆగుతుంటే పని తెమలడం లేదని నెల కిందట సూపర్‌వైజరే దాన్ని విప్పించాడు. అప్పుడు మూడడుగుల దూరంలో నేనున్నాను. నా పక్కన, మా పనివాళ్ళందరిలోకీ వయసు మీరిన పెద్దామె ఉంది. ఆమె వద్దు వద్దని మిషన్‌కి చేతులు అడ్డం పెట్టింది. నేను దిండు గలీబులు సర్దుకుంటూ తల దించుకున్నాను.

ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. చూశాను. నోరు మూసుకున్నాను.

మార్చి 4, మంగళవారం. సా. 5 గం.

పెద్దామెను పనిలోంచి పక్కన పెట్టారు. గార్డ్ తీసింది తనేనని ఒప్పుకుందట!

ఆఫీసు గుమాస్తాను అడిగాను. జరిగింది ఇదీ. సూపర్‌వైజర్ ఆమెను గదిలోకి పిలిచి, గార్డ్ తీసింది నువ్వేనా అన్నాడు. ఆమె “నే, నే” అంది. సూపర్‌వైజర్ గుమాస్తా వైపు తిరిగి, అవునంటోంది, రాసుకో అన్నాడు. అతను రాసుకున్నాడు.

సూపర్‌వైజర్‌ది గ్రీకు. వాళ్ళకు ‘నే’ అంటే అవును. పెద్దామెది సెర్బియన్. వాళ్ళకు ‘నే’ అంటే కాదు. మేమంతా పనికోసం వచ్చిన ఈ దేశం భాషలో ఆమెకు వచ్చింది పాతిక ముక్కలు. భయపడితే అవీ రావు, అమ్మ నేర్పిన మాటే వస్తుంది. కాదు మొర్రో అని మొత్తుకుంటే అవునని రాసుకున్నారు.

మార్చి 5, బుధవారం

టీ బల్ల దగ్గర అందరినీ అడిగాను. మీ భాషలో ‘నే’ అంటే ఏమిటి? మడతల దగ్గర పనిచేసే కొరియా ఆవిడ, మాకు అవునండీ అని, అంది. మాట సరిగా వినపడకపోతే ఏమిటండీ అనడానికి కూడా అదేనట. ఇస్త్రీ టేబుల్ దగ్గరి జపాన్ ఆవిడ మా ఇద్దరినీ చూసి నవ్వి, మాకైతే మాట చివర ‘కదా’ అన్నట్టు అంది. నువ్వు చెప్పు అన్నారు నన్ను. మాకు ‘నే’ అంటే నేను, అన్నాను. నే వస్తా, నే చూశా అంటాం.

ఆ ‘చూశా’ దగ్గర గ్లాసు కింద పెట్టేశాను. టీ పొరబోయిందని దగ్గాను.

మార్చి 6, గురువారం

పని అయ్యాక పెద్దామె గదికి వెళ్ళాను. మంచం, కుర్చీ, కిటికీ మీద ఒక మొక్క. యూనిఫాం ఉతికి, ఇస్త్రీ చేసి, కుర్చీకి తగిలించి ఉంది. పక్కన పెట్టిన మనిషి యూనిఫాం ఎందుకు ఇస్త్రీ చేస్తుంది? కుర్చీ ఒక్కటే కావడంతో ఇద్దరం మంచం మీదే కూర్చున్నాం.

ఆ రోజు నేను కూడా చూశానని, అయినా నోరు మెదపలేదని చేతులతో, అరకొర మాటలతో చెప్పాను. అర్థమైంది. నా మీద కోపమా అని అడిగాను. “నే” అంది. నా చెంప మీద చిన్నగా తట్టింది. ఆ తట్టడంలో కొంచెం కోపం ఉంది. ఉండాలి మరి.

మార్చి 7, శుక్రవారం

దొరికింది!

ప్రతి శుక్రవారం సూపర్‌వైజర్ కాగితం పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వస్తాడు. ఆదివారం పనికి వస్తావా అని అడుగుతాడు. వస్తానన్నవాళ్ళ పేరు పక్కన టిక్కు, రానన్నవాళ్ళ పక్కన ఇంటూ. పెద్దామెకు ఆదివారం ప్రార్థన ఉంటుంది. ఆరేళ్ళుగా “నే” అనే అంటోంది. ఆరేళ్ళుగా ఆయన ఇంటూయే పెడుతున్నాడు. ఒక్కసారి కూడా టిక్కు పెట్టలేదు.

అంటే ఆ ‘నే’ ఆయనకు తెలుసు. శుభ్రంగా తెలుసు. పొరపాటుపడలేదు. వాడుకున్నాడు.

పాత కాగితాలు పారేసేంత ఓపిక మా లాండ్రీలో ఎవరికీ లేదు. నోటీసు బోర్డు మేకుకు ఒకదాని మీద ఒకటి గుచ్చి ఉన్నాయి. పట్టపగలు, అందరూ చూస్తుండగా మేకుతో సహా పీకి సంచిలో వేసుకున్నాను.

మార్చి 9, ఆదివారం

బుధవారం పెద్దామె మీద విచారణ ఉందట, నేను వెళ్తానని ఇంట్లో చెప్పాను. మా ఆయన అన్నం ముందు కూర్చుని, మనకెందుకు అన్నారు. విచారణకు నిన్ను పిలవలేదు కదా, పిలవని పేరంటానికి వెళ్ళి ఉన్న పని కూడా ఊడగొట్టుకుంటావా అన్నారు.

అత్తయ్య అందుకుంది. ఒరేయ్, ఈ ‘మనకెందుకు’ నీకు ఎక్కణ్ణుంచి వచ్చింది, మీ నాన్న అనలేదు, నేను అనలేదు, బయట ఎక్కడో అంటించుకొచ్చావు అంది. తర్వాత నా వైపు తిరిగి, వెళ్ళేటప్పుడు ఆ మాసిన స్వెటర్ వేసుకోకు, మంచి చీర కట్టుకో, పోట్లాడేటప్పుడు మనిషి నీటుగా ఉండాలి అంది.

పదకొండేళ్ళుగా ఈవిడతో వంటింట్లో ఉప్పు దగ్గర కొట్లాడుతున్నాను. ఈ రోజు కాళ్ళ మీద పడాలనిపించింది. పడలేదు. ఉప్పు మాత్రం ఆవిడ చెప్పినంతే వేశాను.

మార్చి 12, బుధవారం

బాగా పొద్దుపోయింది. అయినా రాసేస్తాను.

పై ఆఫీసు నుంచి ముగ్గురు వచ్చారు. మధ్యలో తెల్లజుట్టు ఆవిడ. ఒక పక్క సూపర్‌వైజర్, గుమాస్తా. మరో పక్క పెద్దామె, ఆ ఇస్త్రీ చేసిన యూనిఫాంలో. తలుపు కొట్టి లోపలికి వెళ్ళాను. మిమ్మల్ని పిలవలేదే అన్నారు. పిలవలేదండీ, వచ్చాను అన్నాను. కాగితాల కట్ట బల్ల మీద పెట్టాను. మేకు ఇంకా వాటిలోనే ఉంది.

‘నే’ సంగతి చెప్పాను. శుక్రవారాల సంగతి చెప్పాను. సూపర్‌వైజర్ నవ్వాడు. ఆదివారాలు ఆమెకు కుదరవని తల అడ్డంగా ఊపడం చూసి కనిపెట్టేవాణ్ణి, మాట విని కాదు అన్నాడు. మరి ఆ రోజు ఆమె తల కనపడలేదా అని అడిగాను. ఆయన నవ్వు ఆగిపోయింది.

తెల్లజుట్టు ఆవిడ కాగితాలన్నీ తిరగేసింది. చాలాసేపు. తర్వాత పెద్దామెను అడిగింది.

“వచ్చే ఆదివారం పనికి వస్తారా?”

“నే.”

ఆవిడ ఖాళీ జాబితా ఒకటి, పెన్ను ఒకటి సూపర్‌వైజర్ ముందుకు జరిపింది. “మీరు మామూలుగా ఏం పెడతారో అదే పెట్టండి.”

ఆయన పెన్ను పట్టుకున్నాడు. టిక్కు పెడితే ఆ కట్టంతా అబద్ధమవుతుంది. ఇంటూ పెడితే తనే దొరికిపోతాడు. పెన్ను కాగితానికి ఆనలేదు.

గార్డ్ విప్పించడం కళ్ళారా చూసినవాళ్ళు ఎవరు అని ఆవిడ అడిగింది. తొట్రుపాటులో నా నోట ముందు తెలుగే వచ్చింది. “నే చూశా!” గుమాస్తా బిత్తరపోయి ఎవరి భాషలో అన్నాడు. నా భాషలో అన్నాను. మళ్ళీ వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పాను. ఎవరు విప్పించారో చెప్పాను. ఎవరు అడ్డుపడ్డారో చెప్పాను. తల దించుకుని నిలబడింది నేనేనని కూడా చెప్పాను. అది చెప్పకపోయినా నడిచేది. కానీ చెప్పకపోతే నాకు నడవదు.

ఇంటికొచ్చాను. చీర తీసి మడతపెడుతుంటే మా ఆయన వచ్చి రెండో కొస పట్టుకున్నారు.

మార్చి 14, శుక్రవారం

పెద్దామె సోమవారం నుంచి పనిలోకి. సూపర్‌వైజర్‌ని తీసేశారు. మిషన్‌కు గార్డ్ బిగించారు.

మార్చి 16, ఆదివారం

కొత్తమ్మాయిని చూసొచ్చాను. రెండు వేళ్ళు నిలిచాయి, రెండు పోయాయి. గెలిచినందుకు సంతోషపడ్డానా అని నన్ను నేను అడగడం మానేశాను.

మార్చి 26, బుధవారం

కొత్త సూపర్‌వైజర్ చాలా మర్యాదస్థుడు. నన్ను మురికి గదికి మార్చాడు. రక్తం, చీము అంటిన దుప్పట్లు ఏరి విడదీసే గది. అక్కడ ఎవరూ నెల కూడా నిలవరు. మీలాంటి ధైర్యవంతులు ఉండాల్సిన చోటు అన్నాడు. ఎగతాళి కూడా ఇంత మెత్తగా చెయ్యొచ్చని తెలియదు.

పోను. ఊడబెరికితే తప్ప పోను. గ్లవ్స్ రెండు జతలు వేసుకుంటున్నాను.

ఏప్రిల్ 2, బుధవారం

మురికి గదికి నా ఇష్టంతోనే వెళ్ళానని ఒక ఫారం ఇచ్చి సంతకం పెట్టమన్నారు. సంతకం చోట తెలుగులో, గుండ్రటి అక్షరాలతో, గీత నిండా రాశాను: ఒప్పుకోను.

గుమాస్తా కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. మీ సంతకం ఎంత అందంగా ఉందో అని, జాగ్రత్తగా ఫైలులో పెట్టుకున్నాడు.